మగపిల్లాడి పేరుకి అర్థం వెతకడం ఎలా: సింహాచలం నుంచి సమీర్ దాకా

మా ఉత్తరాంధ్రలో ఒకప్పుడు పేరు పెట్టడానికి పెద్ద చర్చ ఉండేది కాదు. సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటే అప్పలస్వామి, శ్రీకూర్మంలో మొక్కుకుంటే కూర్మారావు, విజయనగరం పైడితల్లమ్మ దయవల్ల పుడితే పైడిరాజు. ఇవేవీ కాకపోతే తాత పేరు. ఇప్పుడు బారసాల రేపనగా కూడా ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని వెతుకుతూనే ఉంటారు. దొరికే జాబితాలన్నీ ఒకే తీరు. పేరు పక్కన "సూర్యుని తొలికిరణం" అనో, "శాంతమూర్తి" అనో, "విష్ణు అంశ" అనో రాసి ఉంటుంది. అది ఏ భాష మాటో చెప్పరు, ఏ ధాతువు నుంచి వచ్చిందో చెప్పరు. ఆ ఒక్క ముక్క నమ్మి పేరు పెట్టేసి, తర్వాత ఏ తెలుగు మాస్టారో "ఇదేం పేరు బాబూ" అంటే తెల్లమొహం వేసేవాళ్లు చాలామంది.

ఒక పేరు దొరికాక దాన్ని మీరే ఎలా పరీక్షించుకోవాలో కింద వరసగా చెప్తాను. నా పద్ధతి ఒకటే. ముందు భాష తేల్చాలి, తర్వాత మాట అర్థం, ఆ తర్వాత ఆ పేరు మనుషుల మధ్య ఎలా తిరిగిందో చూడాలి. భాష తేలకుండా అర్థం చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి.

ముందు తెలుగులో రాయండి

పేర్లన్నీ ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే మన దగ్గరకి వస్తున్నాయి. ఆ అక్షరాల్లో హ్రస్వం, దీర్ఘం తెలియదు. త-ట, ద-డ, న-ణ తేడా కనబడదు. ఒత్తులు కూడా సగం పోతాయి. కాబట్టి మొదట కాగితం మీద తెలుగులో రాసుకోండి. ఎన్ని రకాలుగా పలకొచ్చో అన్ని రకాలుగానూ రాయండి.

ఎందుకంటే కమల్, కమాల్ రెండూ ఇంగ్లీషులో ఒకేలా రాస్తారు. కమల్ సంస్కృతం, తామర. కమాల్ అరబ్బీ, పరిపూర్ణత. బలరాం, బాలరాజు ఇద్దరి పేర్లూ ఇంగ్లీషులో ఒకే అక్షరాలతో మొదలవుతాయి కానీ ఒకరిది బలం, ఇంకొకరిది బాల్యం. వసు అంటే అష్టవసువుల్లో ఒకడు, ధనం అనే అర్థం కూడా ఉంది. వాసు అంటే మన వాడుకలో వాసుదేవుడికి ముద్దుపేరు. ఒక్క దీర్ఘంతో మాటే మారిపోతోంది.

ఏ భాషో పట్టుకోండి

దీనికి పాండిత్యం అక్కర్లేదు, కొన్ని గుర్తులు తెలిస్తే చాలు.

ఋ, క్ష, జ్ఞ లాంటివి ఉన్నా, ముందు ప్ర, వి, సు, అభి లాంటి ఉపసర్గలు ఉన్నా సంస్కృతమని అనుమానించొచ్చు. ప్రణవ్, విజయ్, సుధీర్, అభినవ్ అలాంటివే.

చివర "ఏలు" ఉంటే హీబ్రూ. ఏల్ అంటే దేవుడు. దానియేలు అంటే దేవుడే నా న్యాయాధిపతి. మిఖాయేలు అంటే దేవుడిలాంటివాడు ఎవడు అనే ప్రశ్న. ప్రశ్నే పేరైపోవడం నాకు భలే నచ్చుతుంది.

అరబ్బీ పేర్లలో హల్లులు చూడాలి. ఆ భాషలో ఎక్కువ మాటలు మూడు హల్లుల మూలం నుంచి పుడతాయి, మధ్యలో అచ్చులు మారుతుంటాయి. హ-మ-ద అంటే ప్రశంస. అందులోంచే అహ్మద్, మహమ్మద్, మహమూద్, హమీద్ వచ్చాయి. క-బ-ర అంటే గొప్పతనం, కబీర్, అక్బర్ అక్కడివే. ఈ ఒక్క కిటుకు తెలిస్తే మీ స్నేహితుల పేర్లు సగం మీకే అర్థమవుతాయి. ఒక జాగ్రత్త: అబ్దుల్ అనేది సగం పేరు. "అబ్ద్" అంటే సేవకుడు, "అల్" తర్వాత వచ్చే దైవనామానికి ముందుమాట. అబ్దుల్ రహ్మాన్ అంటేనే మాట పూర్తవుతుంది.

జర్మన్ మూలం ఉన్న యూరప్ పేర్లు మన సమాసాల్లాగే రెండు ముక్కలు. రాబర్ట్ అంటే కీర్తి, వెలుగు. విలియం అంటే సంకల్పం, శిరస్త్రాణం. మన యశోవర్మ, రవివర్మ కూడా ఇలాంటి అతుకులే. వర్మ అంటే కవచం. యుద్ధాలు చేసే రాజుల కాలంలో అక్కడా ఇక్కడా ఒకే వస్తువులు పేర్లలోకి ఎక్కాయన్నమాట.

తెలుగు పేర్లు గుర్తుపట్టడం తేలిక. అప్ప, అన్న, అయ్య, ఎర్ర, చిన్న, పైడి, ముత్యం. వీటితో అతికే రావు మాత్రం సంస్కృతం "రాజన్" ప్రాకృతంలో మెత్తబడి రాయ, రావు అయిన రూపం. నాయుడు అనేది నాయకుడే. గురజాడ అప్పారావు గారి పేరులో అప్ప ద్రావిడం, రావు సంస్కృతం నుంచి జారినది. ఇంకో తమాషా ఏమిటంటే లాటిన్‌లో రాజుని రెక్స్ అంటారు. ఎరిక్, ఫ్రెడరిక్, రిచర్డ్ పేర్లలో ఉన్న "రిక్" కూడా ఆ కుటుంబానిదే. మూలం ఒక్కటే కాబట్టి అప్పారావూ ఎరిక్కూ దూరపు చుట్టాలు.

మన జిల్లాల్లో ఒడియాని మర్చిపోకూడదు. ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు రెండు భాషలూ కలిసే ఉంటాయి. అదే జగన్నాథ అనే పేరుని ఒడియావాళ్లు జొగొన్నాథొ అన్నట్టు పలుకుతారు. దుర్యోధన్ అనే పేరు ఒడిశాలో మామూలుగానే పెట్టుకుంటారు. మనకి వింతగా ఉంటుంది కానీ మాట అర్థం చూస్తే, యుద్ధంలో ఎదుర్కోవడం కష్టమైనవాడు అని.

నిఘంటువు తెరవండి

భాష తేలింది కదా, ఇప్పుడు ఆ భాష నిఘంటువులో చూడాలి. పేర్ల జాబితాలో కాదు. తెలుగు, సంస్కృత పదాలకి ఆంధ్రభారతి సైట్లో బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర లాంటివన్నీ ఒకేచోట వెతకొచ్చు. సంస్కృతానికి 1899లో వచ్చిన మోనియర్ విలియమ్స్, పారశీకానికి 1892 నాటి స్టైన్‌గాస్ కూడా నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మాట నిఘంటువులో లేకపోతే దాన్ని విడగొట్టి వెతకండి. అప్పటికీ దొరక్కపోతే అది ఈమధ్య చెవికి ఇంపుగా ఉంటుందని అల్లిన పేరు కావచ్చు.

ఈ పరీక్షలో ఇప్పటి ఫ్యాషన్ పేర్లు కొన్ని ఎలా తేలతాయో చూడండి.

ఆరవ్. జాబితాల్లో ప్రశాంతత అని ఉంటుంది. సంస్కృతంలో ఆరవం అంటే చప్పుడు, కేక. కలరవంలో ఉన్నది ఆ రవమే. ఇంట్లో పసివాడు చేసేది చూస్తే నిఘంటువు చెప్పిందే నిజమనిపిస్తుంది గానీ, శాంతి అని పెట్టుకున్నవాళ్లకి మాత్రం నిరాశే.

వివాన్. సూర్యుని తొలికిరణం అంటారు. సంస్కృతంలో సూర్యుడికి వివస్వాన్ అనే పేరుంది. బహుశా దాన్ని కుదించి ఉంటారు. అర్థం కావాలంటే వివస్వాన్ అనే పెట్టొచ్చు, అరసవల్లి స్వామి పేరే అవుతుంది.

రేయాంశ్. ఇందులో అంశ సంస్కృతమే, భాగం అని. ముందున్న "రే" మాత్రం సంస్కృతంలో కిరణం కాదు, ఇంగ్లీషులో కిరణం. తెలుగువాడు విన్నాడంటే రేయిలో ఒక భాగం అనుకుంటాడు. నేనైతే ఈ పేరు సలహా ఇవ్వను.

రేహాన్ గట్టిగా నిలబడుతుంది. అరబ్బీలో రైహాన్ అంటే సువాసన ఇచ్చే మొక్క, తులసి జాతిది. నిహాల్ కూడా అంతే, పారశీకంలో లేత మొక్క. సాహిల్ అరబ్బీలో తీరం. కళింగపట్నం, బారువ తీరాల్లో పుట్టినవాడికి ఇంతకంటే అమరే పేరు ఉండదు. ఆఫ్రికాలో సాహెల్ అనే ప్రాంతం, స్వాహిలి అనే భాష పేరు కూడా ఈ మాటలోంచే వచ్చాయి. రోహిత్ అంటే ఎరుపు. అర్జున్ అంటే తెలుపు, కృష్ణ అంటే నలుపు. భారతంలో ఒకే రథం మీద తెలుపూ నలుపూ కూర్చున్నాయి.

మాట అర్థం దగ్గరే ఆగొద్దు

ఈ గైడ్‌లో నాకు ముఖ్యమైన భాగం ఇది. పేరుకి అర్థం మూడు పొరల్లో ఉంటుంది. మాటకి ఉన్న అర్థం ఒకటి. ఆ పేరు ఏ దేవుడిదో, ఏ ఊరిదో, ఏ మనిషిదో అన్నది రెండోది. ఏ సందర్భంలో పెట్టారన్నది మూడోది. నెట్‌లో దొరికేది మొదటిది మాత్రమే, అది కూడా చాలాసార్లు తప్పు.

సింహాచలం అని పేరున్న మనిషిని తీసుకోండి. మాట అర్థం సింహపు కొండ. కొండ పేరు మనిషికేమిటని బయటివాళ్లకి అనిపించొచ్చు. మా దగ్గర మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ సింహాచలాలు ఉన్నారు. వాళ్లెవరికీ కొండ గుర్తుకురాదు, అప్పన్నే గుర్తుకొస్తాడు. కూర్మారావుని నిఘంటువుతో చదివితే తాబేలు రాజు. శ్రీకూర్మం తెలిసినవాడికి విష్ణువు అవతారం. పైడిరాజులో పైడి అంటే బంగారం, కానీ విజయనగరం జిల్లాలో ఎవరినడిగినా సిరిమాను ఉత్సవం జరిగే పైడితల్లమ్మ పేరే చెప్తారు. ముఖలింగం అనే పేరు విని నవ్వేవాడు శ్రీముఖలింగం గుడి చూడలేదన్నమాట.

మూడో పొర ఇంకా లోతైనది. తవిటినాయుడు, తవిటయ్య, పెంటయ్య. ఈ పేర్లున్నవాళ్లు సిటీకి వెళ్లాక చెప్పుకోవడానికి మొహమాటపడతారు, కొందరు మార్చుకుంటారు కూడా. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో మళ్లీ ఒకడు పుడితే, వాడిని ఇంకొకరి చేతిలో పెట్టి, కాస్త తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కునేవారు. లేదా పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి తెచ్చుకునేవారు. తవుడుకి దొరికినవాడు, పెంట మీద దొరికినవాడు, వీడి మీద ఎవరి కన్నూ పడదు, మృత్యువు కూడా వదిలేస్తుందని ఆశ. అందుకే తవుడు అనే మాటకి ఏ అర్థం ఉన్నా, తవిటినాయుడు అనే పేరుకి అర్థం "వీడైనా బతకాలి" అని.

ఇది మనకే సొంతం అనుకుంటే పొరపాటు. టర్కీలో దుర్సున్ అనే మగపేరు ఉంది, "ఉండిపోనీ" అని అర్థం. యషార్ అంటే "బతుకుతాడు". మంగోలియాలో నెర్గుయ్ అని పెడతారు, "పేరు లేదు" అని. పేరే లేనివాడిని దుష్టశక్తి ఎలా వెతుక్కుంటుందనేది ఉపాయం. నైజీరియాలో యొరుబా వాళ్లకి "ఉండి లోకాన్ని అనుభవించు" అని చెప్పే దురోజాయె ఉంది. పసిబిడ్డల చావులు ఎక్కువగా ఉన్న రోజుల్లో తల్లులు ఎక్కడైనా ఒకేలా ఆలోచించారు. మీ ఇంట్లో ముత్తాతకి ఇలాంటి పేరు ఉంటే, ఏ బిడ్డల తర్వాత పుట్టాడో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. అది ఏ నిఘంటువులోనూ దొరకదు.

పుట్టిన రోజుని బట్టి పెట్టే పేర్లు ఇంకో రకం. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట, కురుపాం కొండల్లో సవరలకి వారం పేరుతో పిల్లల్ని పిలుచుకునే అలవాటు ఉంది. సోమయ్య, మంగయ్య, సుక్రయ్య లాంటివి. పశ్చిమ ఆఫ్రికా ఘనాలో అకాన్ జనానిదీ ఇదే పద్ధతి. కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడు, క్వామె అంటే శనివారం. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న పుట్టారు. క్యాలెండర్ చూడండి, శుక్రవారమే. మన లెక్కలో ఆయన సుక్రయ్య.

ఒకే శబ్దం, రెండు ఊళ్లు

ఒక పేరు రెండు భాషల్లో విడివిడిగా పుట్టొచ్చు. సమీర్ దీనికి మంచి ఉదాహరణ. సంస్కృతంలో సమీరం అంటే గాలి. అరబ్బీలో సమీర్ అంటే రాత్రిపూట కూర్చుని కబుర్లు చెప్పుకునే తోడు. ఒకదాంట్లోంచి ఇంకోటి రాలేదు. హిందువుల ఇంట్లో సమీర్, ముస్లింల ఇంట్లో సమీర్ ఇద్దరికీ పేరు సొంతమే. కియాన్ కూడా అలాంటిదే. పారశీకంలో పాత రాజవంశం పేరు, ఐర్లండ్‌లో దగ్గర ఉచ్చారణతో ఉన్న పేరుకి ప్రాచీనుడు అని అర్థం. ఇలాంటి పేరు ఎంచుకుంటే మీరు ఏ భాషదిగా పెడుతున్నారో మీకు స్పష్టంగా ఉంటే చాలు.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది. ఒకే పేరు ఊళ్లు తిరిగి గుర్తుపట్టలేనంత మారిపోవడం. హీబ్రూలో యోహానాన్, దేవుడు దయ చూపాడు అని. గ్రీకులో యొఆన్నెస్, లాటిన్‌లో యొహాన్నెస్ అయ్యి, వాటి నుంచి ఇంగ్లీషులో జాన్, స్పానిష్‌లో హువాన్, రష్యన్‌లో ఇవాన్, ఇటాలియన్‌లో జొవాన్ని, ఐరిష్‌లో షాన్, జర్మన్‌లో హాన్స్ అయింది. తెలుగు బైబిల్లో యోహాను. ఇలాగే గ్రీకు అలెగ్జాండర్, అంటే మనుషుల్ని కాపాడేవాడు, పారశీకంలో సికందర్ అయ్యి, హైదరాబాద్ నిజాం సికందర్ జా పేరు మీదుగా సికింద్రాబాద్ దాకా వచ్చాడు.

అర్థం నచ్చి పేరు నచ్చకపోతే

తాతగారి పేరు అర్థం ఉండాలి, శబ్దం కొత్తగా ఉండాలి అనే ఇళ్లు చాలా ఉన్నాయి. అప్పుడు అర్థాన్ని పట్టుకుని వేరే మాటలు వెతకండి.

తాత నరసింహమో సింహాచలమో అనుకోండి. లాటిన్‌లో లియో, అరబ్బీలో అసద్, టర్కిష్‌లో అస్లాన్, హీబ్రూలో అరి, అన్నీ సింహాలే. దాసు అనే పేరైతే, అంటే విజయనగరం సంగీత కళాశాల తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారి పేరులోని దాసు, దానికి అరబ్బీలో అబ్ద్ ఉందని చెప్పుకున్నాం. స్కాట్లండ్ మాల్కమ్ కూడా అలాంటిదే, సెయింట్ కొలంబా భక్తుడు అని అర్థం. దేవుడిచ్చినవాడు అనాలంటే మనకి దేవదత్త, గ్రీకు నుంచి థియోడోర్, హీబ్రూ నుంచి మత్తయి, రష్యాలో బొగ్దాన్, పారశీకంలో ఖుదాదాద్.

విజయనగరం వాళ్లకి విజయం మీద మోజు ఎక్కువ ఉండటం సహజం. విక్టర్, విన్సెంట్ లాటిన్ విజేతలు. నికోలస్ అంటే గ్రీకులో ప్రజల విజయం. మన్సూర్ అరబ్బీ, దైవసహాయంతో గెలిచినవాడు. విజయనగరం ఏలిన పూసపాటి వంశంలో విజయరామ అనే పేరు తరాలుగా తిరిగింది. 1757లో బొబ్బిలి యుద్ధం నాటి పెద విజయరామరాజు, 1794లో పద్మనాభం యుద్ధం నాటి చిన విజయరామరాజు ఇద్దరూ ఆ గొడవల్లోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. పేరు అర్థం జాతకం చెప్తుందనేవాళ్లకి ఇది చెప్పండి.

నక్షత్రం అక్షరం పేచీ

అక్షరం ఖాయమైపోయాక పేరు వెతకడం చాలా ఇళ్లలో టెన్షన్. రోహిణికి ఓ, వా, వీ, వూ అంటే పరవాలేదు. ఆరుద్రకి కూ, ఘ, ఙ, ఛ. హస్తకి పూ, ష, ణ, ఠ. ఙ తోనో ణ తోనో మొదలయ్యే పేరు ఎవరు పెట్టగలరు? అందుకే పెద్దలు జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు అని దారి పెట్టారు. జన్మనామం బారసాలలో చెవిలో చెప్పేసి, బయటికి నచ్చిన పేరు పెట్టుకోండి. ఇంట్లో చేసే సంస్కారాల గురించి చెప్పే పాత గ్రంథం పారస్కర గృహ్యసూత్రం మగపిల్లాడి పేరు రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలనీ, తద్ధితాంతం, అంటే ఇంకో పేరుకి ప్రత్యయం చేర్చి చేసిన మాట, కాకూడదనీ చెప్పింది. ఆ లెక్కన రఘువంశంవాడు అని అర్థం వచ్చే రాఘవ పనికిరాదు. అయినా రాఘవలు బోలెడుమంది హాయిగా ఉన్నారు.

పిలిచి చూసి, ఆ తర్వాతే రాయించండి

పేరు ఖాయం చేసేముందు ఇంట్లో ముసలమ్మ చేత నాలుగుసార్లు పిలిపించండి. "గుంటడికి ఏటి పేరెట్టినారు?" అని అడిగేవాళ్లకి ఒక్కసారి చెప్తే అర్థమవ్వాలి. మన నోళ్లలో ఒత్తులు కరుగుతాయి, చివర పొల్లు ఉంటే "ఉ" వచ్చి చేరుతుంది. ధ్రువ్ ఎలాగూ దురువు అవుతాడు. దానికి మీరు సిద్ధమైతే పెట్టుకోండి. పేరుకి "గాడు" తగిలించి కూడా చూడండి, స్కూల్లో స్నేహితులు చేసేది అదే.

ఇక రిజిస్ట్రేషన్. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. ఆస్పత్రిలో పుడితే వాళ్లే పంపిస్తారు. ఆ నాటికి పేరు తేలకపోతే కంగారుపడి ఏదో ఒకటి రాయించకండి, పేరు లేకుండానే నమోదు చేయించొచ్చు. 1969 నాటి జనన మరణాల చట్టం ప్రకారం నమోదైన ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల వరకు. అలాగని వాయిదా వేయకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి స్కూల్ అడ్మిషన్, ఆధార్, పాస్‌పోర్ట్ లాంటివాటికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే చూస్తున్నారు.

ఇంటిపేరుని ఒక్క ఇనీషియల్‌గా వదిలేయకుండా పూర్తిగా రాయించండి, లేదంటే పాస్‌పోర్ట్ దగ్గర తిరగాల్సి వస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఇంట్లోనే నిర్ణయించి కాగితం మీద రాసి తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర నోటితో చెప్తే టైపు చేసే మనిషికి తోచిన స్పెల్లింగ్ పడుతుంది. న్యూమరాలజీ కోసం అదనపు అక్షరాలు చేర్చాలనుకుంటే అది కూడా ఇప్పుడే తేల్చేయండి, ఆధార్‌లో ఒకటి, టీసీలో ఇంకొకటి ఉంటే పదో తరగతికి వచ్చేసరికి అఫిడవిట్లు మొదలవుతాయి. ప్రింట్ ఇచ్చేముందు స్క్రీన్ మీద తెలుగు వరుస కూడా చూపించమని అడగండి. ఇంగ్లీషు సరిగ్గా ఉండి తెలుగులో దీర్ఘం ఎగిరిపోవడం మామూలే, దిద్దించుకోవడం అప్పుడే తేలిక.